చెప్పులూ హోదా బయటే

ఆ ఉదయం ఆ ఇంట్లో ఇద్దరు మనుషుల కోసం ఎదురుచూపులు సాగుతున్నాయి. ఇల్లాలు పరుపుల కంపెనీ యజమాని కోసం ముందుగదిలో కుర్చీలు సర్దుతోంది. ఇంటాయన ప్లంబర్ కోసం ఆఫీసుకు సెలవు పెట్టి, వెనకవైపు స్నానాలగదిలో కారుతున్న కుళాయి కింద బకెట్టు తీసి బకెట్టు పెడుతున్నాడు. వస్తామన్నవాళ్ళిద్దరూ పది గంటలకే వస్తామన్నారు. ఇద్దరిలో ఎవరొచ్చినా ఆశ్చర్యమేనని ఇంటాయన అభిప్రాయం.

ఇల్లాలు వృత్తిరీత్యా కోచ్. ఉద్యోగంలోనో వ్యాపారంలోనో ఎటూ కదల్లేక చిక్కుపడ్డవాళ్ళచేత ఆ చిక్కేమిటో చెప్పించి, దాన్ని వాళ్ళచేతే విప్పించడం ఆమె పని. ఈ ముక్క వీధికి ఎంత చెప్పినా ఎక్కలేదు. గుమ్మం పక్కన బోర్డు పెట్టిన కొత్తలోనే ఒకావిడ కూతురి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, "లెక్కల్లో బొత్తిగా వీకండీ, ఎలాగైనా గట్టెక్కించాలి" అంది. అప్పట్నుంచి ఆమెకు కోచింగమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది. పేరు స్థిరపడినంతగా ప్రాక్టీసు స్థిరపడలేదు.

అందుకు కారణం ఆమెకూ తెలుసు. సలహా ఇవ్వకుండా ఉండలేదు. వచ్చిన మనిషి తన కష్టం సగం చెప్పేలోపే మిగతా సగం ఊహించేసి, పరిష్కారం చెప్పేసి, దానికి కొసరుగా ఇంకో రెండు చెప్పి, గేటు దాకా సాగనంపుతూ మరొకటి చేతిలో పెట్టేది. సరుకంతా మొదటిరోజే దొరికిపోతే రెండోరోజు ఎవరొస్తారు? వెళ్ళినవాళ్ళంతా ఆవిడ వల్ల చాలా మేలు జరిగిందని నలుగురికీ చెప్పుకున్నారు. తిరిగి మాత్రం రాలేదు.

చివరికి ఇంట్లో పంచాయితీ జరిగింది. ఇవాళ వచ్చే పరుపుల యజమాని కనక వారంవారం వస్తానని ఒప్పుకోకపోతే బోర్డు పీకెయ్యాలి. ముందుగది ఆడపడుచు కుట్టుమిషన్లకు ఇచ్చెయ్యాలి. కోచింగమ్మ తన పాత ఆఫీసుకు మళ్ళీ వెళ్ళాలి. ఆ ఆఫీసులో ఆమె ఏళ్ళ తరబడి సమయపాలన గురించి పాఠం చెప్పింది. ఆ పాఠానికి కూడా అందరూ ఆలస్యంగానే వచ్చేవాళ్ళు. మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళి, ఖాళీ కుర్చీలకు టైము విలువ బోధించడం ఇక ఆమె వల్ల కాదు.

పంచాయితీ తీర్పు అమలు చేయడానికి ఆడపడుచు తెల్లారకముందే కొలత టేపు మెళ్ళో వేసుకుని దిగింది.

"నీ పని నువ్వు చూసుకో వదినా. నేను కిటికీ కొలుచుకుని పోతానంతే."

"ఇంకా గది నాదేనమ్మా."

"నీదేలే. సోమవారం దాకా ఎవరు కాదన్నారు?"

కోచింగమ్మ మొగుడివైపు చూసింది. "ఇవాళ ఒక్క సలహా కూడా ఇవ్వను. ఒక ప్రశ్న అడుగుతాను. నోరు మూసుకుంటాను. చివర్లో చిన్న పని ఒకటి అప్పగిస్తాను. అంతే."

"నువ్వు గంటసేపు సలహా ఇవ్వకుండా కూర్చుంటే, నేను ఉద్యోగం మానేసి నీ దగ్గరే చేరతాను" అన్నాడాయన, బకెట్టు పారబోస్తూ.

"అన్నమాట గుర్తుంచుకోండి."

కోచింగమ్మకు ఒక పద్ధతి ఉంది. మొదటిరోజు వచ్చినవాళ్ళు తమ పేరు, ఉద్యోగం చెప్పకూడదు. గుమ్మం మీద 'చెప్పులూ హోదా బయటే వదలండి' అని రాసి పెట్టింది. ఇంకా, పాత బట్టల్లో రావాలి. ఇంట్లో ఎవరు ఏ పని చెప్పినా ఎందుకని అడక్కుండా చెయ్యాలి. ఉతికిన బట్టలు మడతపెట్టడమో, మొక్కలకు నీళ్ళు పొయ్యడమో చేస్తున్నప్పుడే మనిషి అసలు స్వరూపం బయటపడుతుందని ఆమె నమ్మకం. ఈ షరతులన్నీ యజమానిగారి సెక్రటరీకి ఫోన్లో చెప్పింది. యజమానిని ఆమె చూడలేదు. ముందుగా ఫోటోలు చూడకపోవడం కూడా పద్ధతిలో భాగమే. క్లయింట్లు తగ్గిపోయాక బట్టలు మడతపెట్టేవాళ్ళు లేక ఇల్లు చిందరవందరగా ఉందని మొగుడు ఎత్తిపొడుస్తూనే ఉంటాడు.

పది కొడుతుండగా గుమ్మంలో ఒకాయన ప్రత్యక్షమయ్యాడు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, నున్నగా దువ్విన తడి తల, ఖాళీ చేతులు. ఆయనే ప్లంబర్. మొదటిసారి వెళ్ళే ఇంటికి సామాను పట్టుకెళ్ళడం ఆ వృత్తిలో లేదు. ముందు వెళ్ళి చూడాలి. చూసి పెదవి విరవాలి. "దీన్నెవరు బిగించారండీ?" అని జాలిపడాలి. ఆ తర్వాతే సామాను. ఇదంతా తెలియని కోచింగమ్మ, పెద్దవాళ్ళకు పాత బట్టలంటే ఇవే కాబోలనుకుని, ఎదురెళ్ళి మరీ ఆహ్వానించింది.

"రండి రండి, మీ కోసమే చూస్తున్నాను!"

ప్లంబర్ బిత్తరపోయాడు. ఇంతవరకూ ఏ ఇంట్లోనూ తనకిలాంటి స్వాగతం దొరకలేదు. "కొంచెం లేటయిందండీ" అన్నాడు. లేటు కాలేదు, నోటికి అలవాటైపోయింది.

"కూర్చోండి."

"కుర్చీలోనా అండీ? ముందు అది చూసేసి..."

"అన్నీ చూద్దాం. ముందు కూర్చోండి. పేరు చెప్పొద్దు, ఏం చేస్తారో చెప్పొద్దు. ఫోను ఆ బల్లమీద పెట్టండి. ఎవరు చేసినా గంటసేపు ఎత్తకూడదు."

"మామూలుగా కూడా ఎత్తనండీ" అన్నాడు ప్లంబర్ నిజాయితీగా.

కోచింగమ్మ ఆయన ముందు బట్టల బుట్ట పెట్టింది. "ఇవి మడతపెడుతూ మాట్లాడండి." ప్లంబర్ బుట్టవైపు చూశాడు, తలుపువైపు చూశాడు, నిట్టూర్చి ఒక దుప్పటి అందుకున్నాడు.

తలుపు మూసుకున్న కాసేపటికి గేటు దగ్గర ఇంకొకాయన నిలబడ్డాడు. పరుపుల కంపెనీ యజమాని. పాత బట్టలు కావాలంటే ఆయనింట్లో లేవు. డ్రైవరు దగ్గర వెలిసిపోయిన చొక్కా అడిగి వేసుకుని, కారు వీధి మలుపులోనే ఆపేసి నడిచొచ్చాడు. వరండాలో కిటికీ కొలుస్తున్న ఆడపడుచు ఆ చొక్కాని, ఊడిన గుండీని, మాసిన కాలరుని ఒక్క చూపులో కొలిచేసింది.

"పది గంటలకి రమ్మన్నారండీ" అన్నాడాయన.

పది గంటల పెద్దమనిషి లోపలికి వెళ్ళడం ఆమె కళ్ళారా చూసింది. మిగిలింది ప్లంబరే. "ఇటు కాదు. పక్కసందులోంచి వెనక్కి వెళ్ళు. అన్నయ్య బకెట్లతో చస్తున్నాడు."

కంపెనీ పెరిగాక యజమానిగారు పెరటిదారిన ఏ ఇంట్లోకీ అడుగు పెట్టి ఎరగడు. ఎందుకని అడక్కూడదన్న షరతు గుర్తొచ్చి, బుద్ధిగా సందులోకి తిరిగాడు.

ఇంటాయన గురించి ఒక మాట చెప్పాలి. ఆఫీసులో ఆయన ఎవరినీ పల్లెత్తు మాట అనడు. పై అధికారి ఏమన్నా తలూపుతాడు, కింది గుమాస్తా ఏమన్నా తలూపుతాడు. లోపల పేరుకున్న కోపమంతా ఆ వారం ఒక్క ప్లంబర్ కోసమే దాచిపెట్టుకున్నాడు. పక్కింటివాళ్ళు నంబరిచ్చిన ఆ ప్లంబర్‌ని ఆయన ఫోన్లో తప్ప ఎరగడు.

"వచ్చావా మహానుభావా!"

"పది గంటలకనే కదండీ..."

"ఏ రోజు పది గంటలకి? సోమవారం అన్నావు. మంగళవారం అన్నావు. ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తితే 'చూస్తాను' అంటావు. చూస్తాను అనేది ఒక జవాబా? చేస్తే చేస్తానను, చెయ్యకపోతే చెయ్యనను. నీ నోట్లోంచి ఒక్క మాట రావడానికి మనుషులు బకెట్లు పట్టుకుని నిలబడాలా?"

యజమానిగారి మొహంలో రంగు మారింది. ఆఫీసులో ఆయన బల్లమీద కొత్తరకం పరుపుల నమూనాలు, మేనేజర్ల కాగితాలు, గిడ్డంగి మరమ్మతుల సంగతీ అన్నీ ఆ ఒక్క 'చూస్తాను' కిందే నెలల తరబడి పడున్నాయి. ఎదురుగా నిలబడి ఆ మాట అనే ధైర్యం ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు. అమ్మ పోయాక ఆయన్ని నువ్వు అన్నవాళ్ళు కూడా లేరు.

"ఇదంతా మీకెవరు చెప్పారు?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఒకరు చెప్పాలా? వీధి వీధంతా అనుకుంటుంటేనూ!"

"వీధిలో కూడానా?"

"పక్కింటివాళ్ళ సంగతేమిటి? మొదలుపెట్టావు, సగంలో వదిలేసి పోయావు!"

యజమానిగారికి తన ఫ్యాక్టరీ పక్కనే ఉన్న దూది మిల్లు గుర్తొచ్చింది. కొంటానని మాట ఇచ్చి నానబెడుతున్నాడు. "అది... ఇంకొంచెం ఆలోచిద్దామని..."

"ఆలోచించడానికేముందయ్యా అందులో! పూర్తి చెయ్యి, లేదా చెయ్యనని చెప్పి వాళ్ళని బతకనియ్యి. ఇదిగో పానా. కానియ్!"

"నేనా?"

"కాకపోతే నేనా?"

ఎందుకని అడక్కూడదు. ఆ మాట మనసులో అనుకుని యజమానిగారు చొక్కా చేతులు మడిచి, పానా కుళాయికి తగిలించి, ఇన్నాళ్ళుగా వాయిదా వేసిన నిర్ణయాలన్నిటి బరువూ వేసి ఒక్క తిప్పు తిప్పాడు.

ముందుగదిలో కోచింగమ్మ తన ఒక్క ప్రశ్న అడిగింది. "మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతున్నదేమిటి?" అడిగి, పెదాలు బిగించుకుంది.

ప్లంబర్ దుప్పటి మడతపెట్టాడు. తువ్వాలు మడతపెట్టాడు. ఎదురుగా ఒక మనిషి తన మాట కోసమే అంత శ్రద్ధగా కాచుక్కూచోవడం ఆయనకు కొత్త. దిండు గలీబు దగ్గరికి వచ్చేసరికి ఇక ఆగలేకపోయాడు.

"ఎవరడిగినా సరేనంటానండీ. వీళ్ళకీ పదింటికే అంటాను, వాళ్ళకీ పదింటికే అంటాను. ఆ పదింటికి మూడోవాళ్ళింట్లో ఉంటాను. అందరూ తిడతారు. తిట్లకి భయపడి ఫోనెత్తను. ఎత్తకపోతే ఇంకా తిడతారు."

సలహా ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మంచి సలహా, దానికి రెండు కొసర్లు కూడా ఉన్నాయి. పక్కనున్న గ్లాసెత్తి నీళ్ళతోపాటు మింగేసింది.

"మీకు సాయంగా ఎవరూ లేరా?"

"ఇద్దరు బామ్మర్దులున్నారండీ. వాళ్ళు పాడుచేసింది బాగుచెయ్యడానికి ఇంకో ఇద్దరు కావాలి."

కుటుంబ వ్యాపారాల్లో ఎక్కడైనా ఇదే గొడవ అనుకుని ఆమె తలూపింది. సరిగ్గా అప్పుడే ఇంటి వెనక నుంచి ఠప్‌మని చప్పుడు, ఆ వెంటనే ఇంటాయన పొలికేక వినిపించాయి. ప్లంబర్ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"మేడం, లోపలేదో ఊడినట్టుంది..."

"లోపలి సంగతి లోపలివాళ్ళు చూసుకుంటారు. మీ సంగతి చెప్పండి."

స్నానాలగదిలో కుళాయి ఊడి యజమానిగారి చేతిలోకి వచ్చేసింది. గోడలోంచి దూసుకొచ్చిన నీళ్ళు తిన్నగా ఇంటాయన గుండెల మీద పడ్డాయి.

"వాల్వు కట్టెయ్! వాల్వు!"

"ఎక్కడుంది?"

"నన్నడుగుతావేం? నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది!"

ఆ మాట కూడా యజమానిగారికి బాణంలా తగిలింది. తన ఫ్యాక్టరీలో తనకు తెలియని వాల్వులు ఎన్నున్నాయో! ఇక ఆలోచించలేదు. చొక్కా విప్పి ఉండచుట్టి గొట్టానికి అడ్డం పెట్టి, రెండు చేతులతో అదిమిపట్టి గర్జించాడు. "మీరు ఆ తువ్వాలు తెండి! అమ్మా, మీ మెళ్ళో టేపు తియ్యండి! ముడి మీరే వెయ్యండి!" పొలికేక విని అప్పటికే పరుగెత్తుకొచ్చిన ఆడపడుచు ఎందుకని అడక్కుండా టేపు తీసి, గొట్టానికి తువ్వాలు చుట్టి, చీర ఫాల్ కుట్టినంత శ్రద్ధగా ముడి బిగించింది. నీళ్ళు తగ్గాయి. ఆగలేదు.

ముందుగది తలుపు కిందనుంచి సన్నటి ధార లోపలికి పాకింది. ప్లంబర్ కాళ్ళు పైకెత్తి కూర్చున్నాడు. నీళ్ళు వస్తుంటే చూస్తూ కూర్చోవడం ఆయన జన్మలో ఎరగని శిక్ష. వేళ్ళు వాటంతటవే తిరుగుతున్నాయి.

"మేడం, ఒక్క నిమిషం లేచి..."

"చూశారా? ఎవరింట్లో ఏం కారినా మీకే లేవాలనిపిస్తోంది!"

లేవబోయిన ప్లంబర్ మళ్ళీ కూలబడ్డాడు. నిజమే. ఇంతకాలం ఎవరూ ఇలా చెప్పలేదు.

"ఈ బట్టలు మడతపెట్టడం మీ పని కాదు కదా. ఎందుకు పెట్టారు?"

"మీరు చెప్పారని."

"నేను చెబితే?"

"కాదనలేక."

"వచ్చినప్పట్నుంచీ మనసులో ఏమనుకుంటున్నారు?"

"వెళ్ళిపోవాలనండీ."

"మరి?"

"అదీ అనలేక..." అంటూనే ప్లంబర్ ఫక్కున నవ్వాడు. తన గుట్టు తన నోటే విన్నవాడి నవ్వు అది. కోచింగమ్మ ఒళ్ళు పులకరించింది. సలహా లేకుండా ఇంతదూరం రావచ్చని ఆమెకే తెలియదు.

"ఇవాళ్టికి ఒకే ఒక్క పని. ఈ గది దాటాక మిమ్మల్ని మొదట పని అడిగినవాళ్ళకి ఇప్పుడు కుదరదని చెప్పండి. మర్యాదగా. ఎప్పుడు కుదురుతుందో కూడా చెప్పండి. చెప్పిన రోజుకి వెళ్ళండి. ఇక లేవచ్చు."

లేవచ్చన్న మాట పూర్తికాకముందే ప్లంబర్ బాణంలా దూసుకుపోయాడు. ఇల్లు దాటి, పెరట్లో తొట్టి వెనక చెయ్యి పెట్టి, ఏదో తిప్పాడు. నీళ్ళు టక్కున ఆగిపోయాయి. వెనకే చీర కుచ్చిళ్ళు పట్టుకుని కోచింగమ్మ వచ్చింది. స్నానాలగది గుమ్మంలో ముగ్గురు తడిసి ముద్దయి నిలబడున్నారు. అందులో ఒకాయనకు చొక్కా లేదు.

ఇంటాయన ప్లంబర్‌కి రెండు చేతులూ జోడించాడు. "అయ్యయ్యో సార్, మీలాంటి పెద్దలకెందుకీ శ్రమ! ఈ పనికిమాలిన ప్లంబర్..."

"ప్లంబర్ని నేనండీ" అన్నాడు ప్లంబర్.

గొట్టంలోంచి చివరి చుక్క బకెట్లో పడింది. అందరి చూపూ చొక్కా లేనాయన మీదికి తిరిగింది.

"మరి నువ్వు... అంటే, తమరు?" అన్నాడు ఇంటాయన.

"పరుపులు" అన్నాడాయన.

కోచింగమ్మ గోడ పట్టుకుంది. పెద్దమనిషిని పెరటిదారిన పంపి, నోటికొచ్చినట్టు తిట్టించి, చొక్కా విప్పించి, నీళ్ళల్లో నిలబెట్టారు. ఆమె కళ్ళముందు ఖాళీ కుర్చీలు బారులు తీరాయి. ఆడపడుచు గొంతు తగ్గించి, "మిషన్లు సోమవారానికి చెప్పెయ్యనా వదినా?" అంది.

ఇంటాయన తప్పు దిద్దుకునే తొందరలో ప్లంబర్ మీద పడ్డాడు. "బాబ్బాబు, నువ్వైనా దీన్ని ఇప్పుడే బాగుచేసిపెట్టు."

ప్లంబర్ గోడలో బొక్కని చూశాడు. మేడం మొహం చూశాడు. "ఇప్పుడు కుదరదండీ."

"ఏమిటీ?"

"పక్కింటివాళ్ళ పని సగంలో ఉంది. అది పూర్తి చెయ్యాలి. గురువారం పదింటికి వస్తాను. వాల్వు కట్టడమంటే మర్యాదకొద్దీ చేశానుగానీ, రిపేరు మాత్రం గురువారమే. వంటింటికి వేరే లైనుంది, మీకేం ఇబ్బంది లేదు." చెప్పేసి, తన నోటినుంచి అంత స్పష్టమైన మాట వచ్చినందుకు తనే తెల్లబోయి, చొక్కా సర్దుకుని నిలబడ్డాడు.

యజమానిగారు ఆయన్నే కన్నార్పకుండా చూస్తున్నాడు. "ఇతను మీ దగ్గరికి ఎన్నాళ్ళుగా వస్తున్నాడు?"

"ఇవాళే వచ్చారు" అంది కోచింగమ్మ నీరసంగా.

"ఒక్క పూటలోనా?"

ఇక చెప్పుకోవచ్చు. క్షమాపణ చెప్పుకోవచ్చు, జరిగిన పొరపాటు వివరించవచ్చు, పద్ధతి గొప్పతనం ఏకరువు పెట్టవచ్చు. అన్నీ గొంతులో తోసుకొస్తున్నాయి. ఆమె పళ్ళు బిగబట్టి, "మీకేమనిపిస్తోంది?" అని మాత్రం అంది. అని, ఊరుకుంది.

ఇంటాయన ఈలోగా బకెట్టు వెనక్కి నక్కాడు.

"మా ఆఫీసులో నేను గదిలోకి రాగానే అందరూ లేచి నిలబడతారు. ఎవరూ ఏమీ చెప్పరు" అన్నాడు యజమాని మెల్లగా. "ఇవాళ ఈయన నా జబ్బంతా మొహాన కొట్టినట్టు చెప్పాడు. కోపం రావాల్సింది. రాలేదు. దూది మిల్లువాళ్ళకి సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పేస్తాను. నేను వారంవారం వస్తాను. మా మేనేజర్లు కూడా వస్తారు. ఒక్క షరతు. ఈ వెనకగదిలో ఈయనే ఉండాలి. ఇలాగే తిట్టాలి."

"ఈయన మీ దగ్గరే పనిచేస్తారా?" అని కూడా అడిగాడు.

కోచింగమ్మ మొగుడివైపు తిరిగింది. నీళ్ళోడుతూ ఆయన కళ్ళతోనే బతిమాలుతున్నాడు. "పొద్దున్నే చేరారు" అందామె.

"ఇంతకీ ఇలాంటి ముడి ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అన్నాడు యజమాని ఆడపడుచుతో, గొట్టం మీది టేపు పట్టి లాగి చూస్తూ. ఎంత లాగినా ఊడలేదు. పరుపుల కవర్లు కుట్టే పని ఆడపడుచు చేతికి ఆ పెరట్లోనే వచ్చింది. మిషన్లు సోమవారం దిగిన మాట నిజమే. దిగింది ముందుగదిలో కాదు, యజమానిగారి షెడ్డులో.

గురువారం పది గంటలకు ప్లంబర్ చెప్పినట్టే వచ్చాడు. ఈసారి సామానుతో వచ్చాడు. చెప్పిన రోజున చెప్పిన వేళకి వచ్చిన ప్లంబర్‌ని చూడటానికి వీధిలోవాళ్ళు పనులాపుకుని మరీ గేట్లలోకి వచ్చారు. లెక్కల్లో వీకైన పిల్ల తల్లి, "ఏం చేశారండీ ఇతన్ని?" అని కోచింగమ్మని నిలదీసింది. మర్నాడు ఆవిడే ఎలక్ట్రీషియన్ని వెంటబెట్టుకొచ్చింది.

గురువారం ప్లంబర్ వచ్చేసరికే వెనకగదిలో పరుపుల కంపెనీ అమ్మకాల మేనేజరు చేతిలో పానాతో నిలబడున్నాడు. "చూస్తాను అంటే ఏమిటయ్యా అర్థం?" అని ఇంటాయన గొంతు ముందుగది దాకా వినిపిస్తోంది. ఉద్యోగం మానేస్తున్నానని చెప్పడానికి ఆఫీసుకు వెళ్ళినప్పుడు కూడా ఆయన ఎవరిమాటకూ తలూపలేదని, పై అధికారే ఆయన్ని చూసి లేచి నిలబడ్డాడని వినికిడి.

ప్లంబర్ ఆ సందడి విని గుమ్మంలోనే తటపటాయించాడు. "ఇప్పుడు నన్ను దాన్ని బాగుచెయ్యమంటారా మేడం?"

"వద్దు. ముందు కూర్చోండి" అంది కోచింగమ్మ. రెండోసారి వచ్చిన మొదటి క్లయింటు ఆయనే. ఆమె బట్టల బుట్ట ముందుకు జరిపింది. ప్లంబర్ దానివైపు చూసి, చేతులు కట్టుకుని, "ఇది నా పని కాదండీ" అన్నాడు. ఆనందం పట్టలేక ఆ బట్టలన్నీ ఆమే మడతపెట్టుకుంది.

ఏడాది తిరిగేసరికి ముందుగదికి రావాలంటే ముందుగా చెప్పుకుని వరసలో ఉండాల్సిన రోజులొచ్చాయి. పాత ఆఫీసువాళ్ళు కూడా వస్తున్నారు, టైముకే వస్తున్నారు. ఇక కుళాయి సంగతంటారా, ఊడినదాన్ని మేనేజర్లే ఎలాగో తిరిగి తగిలించారుగానీ, అది ఇప్పటికీ కారుతూనే ఉంది. దాన్ని బాగుచేయిస్తే ప్రాక్టీసు నిలవదని కోచింగమ్మ వృత్తిపరమైన అభిప్రాయం.